ఒళ్లో ఐదడుగుల రొట్టె

విరగకూడదు, అంతే. వాన పడినా పరవాలేదు, బస్సు పది నిమిషాలు ఆలస్యమైనా పరవాలేదు, నా మోకాళ్లు తిమ్మిరెక్కి రాళ్లయిపోయినా పరవాలేదు, ఈ రొట్టె మాత్రం నడిమికి విరగకుండా మూడింటికల్లా బెర్కెహుక్ చేరాలి. అక్కడ పొరుగింటి బెరెండ్ వాళ్ల కొట్టం ముందు నిచ్చెన సిద్ధంగా ఉంటుంది, ఊళ్లో బిడ్డ పుడితే పొరుగువాళ్లు నలుగురు రొట్టెని దాని మీద పడుకోబెట్టి బాలింత ఇంటికి మోసుకెళ్తారు. రంగు కాగితాలు చుట్టి ఉంచుతామన్నారు. నిచ్చెనకు నాలుగు మూలలు, మూడు మూలల దగ్గర ముగ్గురు నిలబడి దారివైపు చూస్తూ ఉంటారు, నాలుగో మూల నాది. నాది అంటే నా భార్య ఆలైదా పుట్టింటిది, ఆ ఇల్లు ఇప్పుడు నాది కాబట్టి ఆ మూలా నాదే. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా అరవై ఏడేళ్ల గుండె, చలికాలమంతా కట్టేసి ఉంచి ఏప్రిల్లో కొట్టం తలుపు తీయగానే గడ్డిలోకి గెంతే ఆవులాగా వెనక కాళ్లు ఎగరేస్తోంది. నెమ్మది, నెమ్మది, నువ్వు గెంతితే రొట్టె కదులుతుంది.

ఆల్మెలో పట్నంలో రొట్టెలాయన రెండు చేతులూ చాపి దీన్ని నాకు అందించినప్పుడు ఇంకా లోపల వెచ్చగా ఉంది. ఐదడుగులు. గోధుమరంగు తేలి, పైన వెన్న రాసిన మెరుపు, పక్కల నుంచి నల్లగా తొంగిచూసే ఎండుద్రాక్షలు, ఇంకా కళ్లు తెరవని పిల్ల బరువూ, పిల్ల వేడీ. "మీ చెక్క ఏదండీ?" అన్నాడాయన. ఏ చెక్క? "బెర్కెహుక్ నుంచి వచ్చేవాళ్లు చెక్క తెచ్చుకుంటారు కదా, దాని మీద పడుకోబెట్టి తీసుకుపోతారు." నాకెవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి ఒకరు ఒకరికి చెప్పరు కదా. సూర్యుడు పొద్దున వస్తాడని చెబుతారా? ఆయన నా మొహం చూసి, లోపలికి వెళ్లి, ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చి చుట్టి, "మధ్యలో పట్టుకోకండి, నిలబెట్టకండి, దేవుడున్నాడు" అన్నాడు. దుప్పటికి డబ్బు తీసుకోలేదు. ఇలాంటివి ఈమధ్య లెక్కపెట్టడం మానేశాను, ఎక్కువైపోతున్నాయి.

నాకు కారు లేదు. నడపడమే రాదు. హార్లెం పట్నంలో సైకిలు మీదే బతుకు వెళ్లిపోయింది. పోయిన వారం బెరెండ్ పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చి, టోపీ బల్ల మీద పెట్టి, "ఎల్స్కెకి ఇవాళో రేపో కాన్పు. నీ ఇంటికి వంతు ఉంది. కాళ్లవైపు కుడి మూల. మీ మామగారు మోసేవాడు" అని ఊరుకున్నాడు. నేను లేచి నిలబడి, "రొట్టె కూడా నేనే తెస్తాను" అనేశాను. కారు సంగతి గుర్తుకొచ్చేసరికి ఆయన టోపీ పెట్టుకుని దొడ్డి దాటిపోయాడు. వెనక్కి పిలిచి, అయ్యా నాకు కారు లేదు అని చెప్పొచ్చు. చెప్పలేదు. వాళ్లకు ఇంకోసారి కుదరదు అని చెప్పే నోరు నాకు లేదు.

అందుకే ఈ బస్సు. బస్సు అని పేరు, ఎనిమిది సీట్ల బండి. ఊళ్లవాళ్లే వంతులవారీగా జీతం లేకుండా నడుపుతారు. ఇవాళ వంతు రీకిది. నలభై ఏళ్లు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పిన గొంతు, ఇంకా అలాగే ఉంది.

"ఏంటయ్యా అది, శవమా? శవాలకు వేరే బండి ఉంటుంది."

"కాదమ్మా, రొట్టె. ఎల్స్కెకి ఆడపిల్ల పుట్టింది."

"పుట్టిందా! ముందా మాట చెప్పవేం! మరి చెక్క ఏదీ?"

నేను దుప్పటి అంచు సర్దాను. రీకి అద్దంలో నన్ను చూసి, "చెక్క లేకుండా రొట్టెకి బయల్దేరిన మగాణ్ణి ఈ దారిలో ఇదే చూడటం" అని, దిగివచ్చి, వెనక బెంచీ మీద ముగ్గుర్ని వరసగా కూర్చోబెట్టింది. కిటికీ దగ్గర ఊదారంగు జుట్టు, ముక్కుకి రింగు ఉన్న ఒక అమ్మాయి, చెవుల్లో పాటలు. మధ్యలో నేను. ఇటువైపు ఆసెలింక్ ముసలమ్మ, కాళ్ల దగ్గర పూలనారు పెట్టె. మా ముగ్గురి ఒళ్లలో అడ్డంగా రొట్టె. "తల ఎటువైపు?" అంది ముసలమ్మ. రొట్టెకి తలా కాళ్లా ఉంటాయని నాకు ఎక్కడ తెలుసు. "ఉబ్బు ఎక్కువున్న వైపు తల. అది అమ్మాయి ఒళ్లో ఉంది, మంచిదే, వయసులో ఉంది, మోస్తుంది." ఆ అమ్మాయి చెవుల్లో నుంచి పాటలు తీసి, కిందికి చూసి, నవ్వకుండా, రెండు చేతులూ దుప్పటి కిందికి పోనిచ్చి తల పట్టుకుంది. నేర్పిన వాళ్లెవరూ లేరు.

కాలవలు, కాలవల గట్ల మీద ఉడుతచారల్లాంటి మార్చినెల ఎండ, పొలాలకు ఎరువు జల్లిన ఘాటు కిటికీ సందుల్లోంచి లోపలికి, ఆ ఘాటుని తోసుకుంటూ మా ఒళ్లలోంచి పైకి దాల్చినచెక్క, వెన్న, వేడి. ముప్పై ఏళ్లు నీటిమట్టాలు కొలిచే ఆఫీసులో పనిచేశాను. ఏ కాలవలో నీళ్లు ఎన్ని వేళ్లు ఎక్కాయో, ఎన్ని వేళ్లు తగ్గాయో రాసిపెట్టడమే పని. ఈ కాలవలన్నీ నాకు అంకెలు. ఆలైదాకి మాత్రం ఇది ఫలానా వాళ్ల బాతు మునిగిన చోటు, అది తను మొదటిసారి మంచు పగిలి నడుము దాకా దిగబడిన చోటు. పెళ్లయిన కొత్తలో ఈ దారిన వస్తూ చూపించేది, నేను అంకె చెప్పేవాణ్ణి, తను బాతు పేరు చెప్పేది.

"ఆగు ఆగు," అంది ఆసెలింక్ ముసలమ్మ, నా మొహంలోకి పక్కనుంచి వంగి. "నువ్వు ఆలైదా మొగుడివి కదూ? హార్లెం అల్లుడివి! గురువారానివి!"

"అవునండీ," అన్నాను. ఏం చేయను. ముప్పై ఎనిమిదేళ్ల నుంచి బెర్కెహుక్‌లో నా పేరు అదే. ఆడ్రియాన్ అంటే ఎవరికీ తెలియదు.

"ఓ రీకీ! వెనక గురువారం కూర్చున్నాడే!"

"తెలుసు," అంది రీకి. "చెక్క లేనప్పుడే అనుకున్నా."

"గురువారం ఏంటి?" అంది ఊదాజుట్టు అమ్మాయి. ముసలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. నా మీదుగానే, నేను లేనట్టే. "ఈయన పెళ్లాం మా ఊరి పిల్ల. హార్లెంలో తొలికాన్పు అయింది. ఊరు దాటిపోయినా మా పిల్ల మా పిల్లే కదా, నలుగురు మగాళ్లు చెక్క మీద రొట్టె పెట్టుకుని రెండు రైళ్లు మారి వెళ్లారు. ఈ మహానుభావుడు తలుపు తీసి, జేబులోంచి డైరీ తీసి, ఇప్పుడు కుదరదు, గురువారం రెండున్నరకి రండి అన్నాడు. చెవి మీద పెన్సిల్ కూడా ఉందట!"

"పెన్సిల్ డైరీలో ఉందండీ," అన్నాను.

"ఆదివారం నాడు! గుమ్మంలో! గురువారం రెండున్నర!" అంది రీకి, నవ్వుతో భుజాలు ఊగుతున్నాయి. రీకీ, దారి చూడు, నువ్వు ఊగితే రొట్టె ఊగుతుంది. అమ్మాయి నావైపు చూసి, "మా అమ్మ కూడా అంతే, అమ్మమ్మ రావాలన్నా ముందు ఫోన్ చేయాలి" అంది, నన్ను కాపాడటానికి. మా అమ్మానాన్నల ఇంట్లోనూ అంతే. బిడ్డ పుడితే కార్డు వస్తుంది, కార్డు మీద వేళలు అచ్చువేసి ఉంటాయి, మనం వేళ అడిగి వెళతాం, గులాబిరంగు సోంపు చల్లిన గట్టి రొట్టెబిళ్ల ఒకటి పెడతారు, తిని, ముప్పావు గంటలో లేస్తాం. అదే మర్యాద అనుకున్నాను. ఇప్పటికీ చెడ్డ మర్యాద అనను. కానీ ఆ రోజు ఆ తలుపు దగ్గర ఉన్నది మర్యాద కాదు, నాకు తెలుసు, భయం. మూడు రాత్రులు నిద్ర లేదు, పసిదాని ఊపిరి అందుతోందో లేదోనని అరచెయ్యి దాని ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను, ఆలైదా అప్పుడే, ఆ నిమిషంలోనే కళ్లు మూసింది, అంతలో కింద గంట మోగింది. ఆ మెట్లు మెట్లు కావు, నిచ్చెన కన్నా నిటారు, పదహారు మెట్లు, పై మెట్టు మీద నేను, కింది మెట్ల మీద నలుగురు, వాళ్ల మధ్య ఈ గోధుమరంగు పొడవాటి వస్తువు. అప్పుడు నలభై ఎనిమిదేళ్ల బెరెండ్, టోపీ పళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులా చెక్క పట్టుకుని ఉన్నాడు. నేను డైరీ చూసి ఆ మాట అన్నాను. టోపీ పళ్లలో ఉందిగా, ఆయన మాటకు బదులు తల ఊపాడు. ఆ ఇరుకులో చెక్క తిప్పడం కుదరక నలుగురూ వెనక్కి వెనక్కి దిగారు, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ. ఆ చప్పుడు, పదహారు మెట్లు, నలుగురు మనుషులు, నేను తలుపు వేసి వింటూ నిలబడ్డాను.

ఆలైదా లేచాక చెప్పాను, గొప్పగా, అంతా చక్కబెట్టాను, గురువారం వస్తారు అని. తను నన్ను చాలాసేపు చూసింది. తిట్టినా బాగుండేది. గురువారం రెండున్నరకి కప్పులు పేర్చాను, నలుగురొస్తే ఇంకో నలుగురు రాకపోతారా అని ఎనిమిది. ఐదింటిదాకా చూశాను. ఎవరూ రాలేదు. కప్పులు తీసి లోపల పెడుతుంటే ఆలైదా, "ఒకటి నాకు పోయి, కాఫీ" అంది మెత్తగా. ఆ వారమంతా పొద్దున పదింటికి కింది వాటా ఇంటావిడ కోరీ గారు పైకి వచ్చి, పళ్లెం మీద పళ్లెం మూసి, వెన్న రాసిన కిస్‌మిస్ రొట్టె ముక్కలు ఇచ్చి వెళ్లేది. ఎంత బాగుండేదో. పాపిష్టివాణ్ణి, ఆకలి మీద ఉండి, మూడేసి ముక్కలు తింటూ, "చూశావా, రొట్టె అంటే హార్లెం రొట్టే" అనేవాణ్ణి, ఆలైదా గోడవైపు తిరిగిపోయేది, దుప్పటి కింద భుజాలు కదిలేవి. ఏడుస్తోంది. తన ఊరి రొట్టె వెనక్కి పంపినవాడు తన ముందే కూర్చుని ఊరి పేరు లేని రొట్టెని మెచ్చుకుంటున్నాడు. ఆ భుజాలు నేను మరిచిపోలేదు. ఎందుకేడుస్తున్నావని అడగలేదు కూడా, జవాబు తెలుసు కనుక. తరవాత ముప్పై ఐదేళ్లు కలిసి బతికాం. ఎన్నో అడిగాను, అది అడగలేదు. పండగలకు కిస్‌మిస్ రొట్టె బల్ల మీదికి వస్తే తను నా వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకునేది. నేను నా పళ్లెంలోకి చూసుకునేవాణ్ణి.

బ్రేకు. పక్కదారిలోంచి ఎరువు ట్యాంకు ఈడ్చుకుంటూ ట్రాక్టరు అడ్డం వచ్చింది, రీకి లెక్కల టీచరు నోట రాకూడని మాట ఒకటి అంది, మేము ముగ్గురం ముందుకు వంగాం, రొట్టె మా కన్నా కాస్త ఎక్కువ వంగింది. చప్పుడు వచ్చింది. చిన్నది, ఎండుపుల్ల విరిచినంత. నేను దుప్పటి అంచు ఎత్తి చూశాను. నడిమికి, సరిగ్గా నా ఒళ్లో, అడ్డంగా బీట. వేలెడంత లోతు. నా మోకాలు చేసిన పనే. అంటే వాళ్ల రొట్టెని రెండోసారి కూడా నేనే.

"చూపించు," అంది అమ్మాయి. మెడకు చుట్టుకున్న ఉన్ని శాలువా తీసి, మడతపెట్టి, నా మోకాళ్ల మీద రొట్టె కిందికి తోసింది. "ఇప్పుడు వంగదు. మా ఆసుపత్రిలో విరిగిన కాలికి ఇలాగే పెడతాం." నర్సు చదువుతోందట. ముసలమ్మ పూలనారు పెట్టెని నా పాదాల కింద పెట్టి ఎత్తు సరిచేసింది. పూలు నలుగుతాయేమోనండీ అంటే, "నలిగితే మళ్లీ వేస్తా, నువ్వు కదలకు" అంది. రీకి బండిని నడక వేగానికి తగ్గించి, నాలుగు పక్కలా మిణుకు దీపాలు వేసేసింది. వెనక కార్లు చేరాయి. హారన్లు మొదలయ్యాయి. రీకి అద్దం దించి చెయ్యి బయటికి పెట్టి, "మోగించుకో నాయనా, మోగించుకో! బాలింత రొట్టె వెనక వస్తున్నావ్, నీకే పుణ్యం!" అని అరిచింది. వింతగా, మోగించిన కారే దీపాలు వేసింది. దాని వెనకది కూడా. మా వెనక అరడజను కార్లు మిణుకు మిణుకుమంటూ, నడుస్తున్నట్టు, ఊరేగింపులాగా.

ఊరేగింపు. ఈ దారినే, మూడేళ్ల కింద, ఇంతే నెమ్మదిగా. ఆఖరి నెలలు ఇక్కడే గడుపుతానంది ఆలైదా, ఆ ఇంట్లోనే. తెల్లవారుజామున ఊపిరి ఆగింది. పది నిమిషాల్లో పెరటి తలుపు తెరుచుకుంది. నేను ఎవరినీ పిలవలేదు, దీపం వెలగడం చూశారట. బెరెండ్ వచ్చి, చావింట్లో ఆపాలంటూ, గడియారం ఆపాడు. ఆయన కూతురు డీని వచ్చి కాఫీ పెట్టింది. ఎవరూ వేళ అడగలేదు. నాకోసం ఒక్క పనీ మిగల్చలేదు, చావు కబురు కార్డులు రాశారు, పాస్టరుతో మాట్లాడారు, నా నల్లకోటుకి ఊడిన గుండీ కుట్టారు. శవపేటిక ఎత్తే వేళకి నేను ముందుకు వెళితే బెరెండ్ నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇంటివాళ్లు మోయకూడదయ్యా. ఏడవడం మీ పని, మోయడం మాది." వాళ్లు మోశారు. నేను వెనక నడిచాను, ఈ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి జేబుల్లో, ఒకసారి వెనక, ఒకసారి ఛాతీ మీద. చర్చిదాకా నా చేతులు నాకు బరువైపోయాయి. ఆ ఖాళీ చేతులే ఇవి. ఇప్పుడు చూడు, ఎలా నిండి ఉన్నాయో, వేళ్ల సందుల్లో ఎండుద్రాక్ష జిగురు! ఆలైదా, చూస్తున్నావా, నాకు మూల ఇచ్చారు. ఇంటివాడుగా కాదు, పొరుగువాడుగా. ఇక్కడ అంతకన్నా పెద్ద పదవి లేదని నువ్వే అనేదానివి. ఒక్క బీట మాత్రం పడింది, అది చూసి ఏమంటారో. గురువారం గురువారమే అంటారు. అననీ. కానీ మూల తీసేస్తే? విరిగిన రొట్టె తెచ్చినవాడికి నిచ్చెన ఎవరిస్తారు?

బండి స్టాపు దాటిపోయింది. "రీకీ, స్టాపు!" అన్నాను. "తెలుసు." "ఈ సందులోకి బస్సు రాదు కదమ్మా." "ఇవాళ వస్తుంది." ముసలమ్మ దిగాల్సిన స్టాపు ఎప్పుడో వెనకపడింది. అమ్మాయిది ఇంకా వెనక. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

కొట్టం ముందు ముగ్గురు, బెరెండ్ కూతురు డీని, పాలరైతు విమ్, విమ్ భార్య. వాళ్ల ముందు ఎనభై ఆరేళ్ల బెరెండ్, చేతిలో సారా సీసా, ముందు నడిచే పెద్దకి అదే ఆయుధం. ముగ్గురం నిచ్చెన మీదికి దించాం, తల ఆ అమ్మాయి, కాళ్లు ముసలమ్మ, నడుము నేను. దుప్పటి తీశాను. బీట ఎండలో ఇంకా పెద్దదిగా కనిపించింది.

"విరిచాను," అన్నాను. "చెక్క మరిచిపోయాను, ట్రాక్టరు అడ్డం వచ్చింది, నా మోకాలు..."

బెరెండ్ వంగి చూశాడు. వేలుతో బీట తడిమాడు. "డీనీ, రిబ్బన్ తే."

డీని వెడల్పాటి గులాబిరంగు రిబ్బన్ తెచ్చి సరిగ్గా బీట మీదుగా చుట్టి పెద్ద ముడి వేసింది. రొట్టె కొత్తగా పుట్టినట్టయింది.

"ఏంటి అలా చూస్తావ్?" అన్నాడు బెరెండ్. "బీట పడని రొట్టె ఈ ఊరికి ఎప్పుడొచ్చింది? రిబ్బన్ సోకు కోసం అనుకున్నావా ఇన్నేళ్లూ?"

"పట్టండి పట్టండి," అన్నాడు విమ్. "ఏయ్ గురువారం, మూలగడం మరిచిపోకు. ఎంత మూలిగితే పిల్ల అంత గట్టిగా పెరుగుతుంది. నోరు మూసుకుని మోసేవాడు మాకొద్దు."

కాళ్లవైపు కుడి మూల. కర్ర అక్కడ నున్నగా అరిగి ఉంది. మా మామగారి చెయ్యి. ఎత్తాం. అబ్బా, వామ్మో, చచ్చాంరా, ఏం బరువురా నాయనా, నలుగురూ మూలుగుతున్నారు, విమ్ అయితే మోకాళ్లు వంచి మరీ, వెనక రీకి, ముసలమ్మ, ఊదాజుట్టు అమ్మాయి, సందు చివర బస్సు దీపాలు ఇంకా మిణుకుమంటూనే ఉన్నాయి. నాకు మాత్రం మూలుగు రాలేదు. ఎల్స్కె వాళ్ల వాకిట్లో చెక్కతో చేసిన కొంగ, పిల్లల్ని తెచ్చేది అదేనంటారు, ముక్కున మూట. బెరెండ్ సీసా అడుగుతో తలుపు కొట్టాడు.

తలుపు తీసింది థైస్. పిల్ల తండ్రి. రాటర్‌డాం కుర్రాడు, పెళ్లయి వచ్చి ఏడాదే. రెండు కాళ్లకు రెండు రంగుల మేజోళ్లు, భుజం మీద పాలమరక, కళ్ల కింద నల్లటి గీతలు. మమ్మల్ని చూశాడు, నిచ్చెన చూశాడు, నిచ్చెన మీద రొట్టె చూశాడు. "అయ్యో," అన్నాడు, గుసగుసగా. "ఇద్దరూ ఇప్పుడే... ఈ నిమిషంలోనే నిద్రపోయారు." చెయ్యి తనకు తెలియకుండానే జేబులోకి వెళ్లి ఫోను తీసింది. "రేపు... రేపు పదకొండింటికైతే..."

ఒక్కొక్కరే నావైపు తిరిగారు. విమ్ పెదవులు కొరుక్కుంటున్నాడు.

"నువ్వు చెప్పు," అన్నాడు బెరెండ్. "ఈ శాఖ నీది."

ఆ కుర్రాడి మొహం చూస్తే పై మెట్టు మీద నిలబడినవాడు కనిపించాడు. పాపం, ఎంత చిన్నవాడు. ఇన్నేళ్లూ వాణ్ణి నేను తిడుతూనే ఉన్నాను, ఎంత చిన్నవాడో ఎప్పుడూ చూడలేదు. "పడుకోనీ బాబూ," అన్నాను. "నువ్వు చేసింది తప్పేం కాదు. మేం వేళ కోసం రాలేదు, ఎక్కడికీ పోం కూడా. ఇక్కడే కూర్చుంటాం. కాఫీ ఉందా?"

"ఉంది," అన్నాడు, బతికిపోయినట్టు. "ఎంతమందికి?"

"ఎనిమిది కప్పులు," అన్నాను, లెక్కపెట్టకుండానే. లెక్కపెడితే మేం ఎనిమిదిమందిమే.

నిచ్చెనని ఒక పక్క తోపుడుబండి మీద, ఒక పక్క బెంచీ మీద ఆనించాం. కోడిపెట్టలు రాకుండా ముసలమ్మ రొట్టె తల దగ్గర కాపలా కూర్చుంది. గోడవారగా ఎండ. బెరెండ్ పక్కన నేను. ఆయన సీసా మూత తిప్పుతున్నాడు. అడిగేశాను. ఎలా వచ్చిందో నోట్లోంచి అలా వచ్చింది.

"బెరెండ్, ఆ రోజు ఆ రొట్టెని ఏం చేశారు?"

ఆయన చెయ్యి ఆగింది. "డీనీ," అని పిలిచాడు, "అడిగాడే."

"అడిగాడా!" డీని చెంగున వచ్చింది. "నిజంగా? నాన్నా, నువ్వు ఓడిపోయావ్. చచ్చేదాకా అడగడని పందెం కాశావ్."

"నీకొక్కడికే తెలియదు," అన్నాడు బెరెండ్ నాతో. "ఊరంతటికీ తెలుసు. అడిగితే చెప్పండి, అడక్కపోతే చెప్పొద్దు అని నీ పెళ్లాం ఒట్టు పెట్టించుకుంది. మేం వెనక్కి వెనక్కి దిగి మెట్ల కింద పడ్డామా, కింది వాటా ఆవిడ తలుపు తీసి, ఇంత రొట్టె మోసుకొచ్చి ఉత్తినే వెనక్కి పోతారా, సిగ్గులేదూ అని తిట్టి లోపలికి లాక్కెళ్లింది. ఆవిడ వంటగదిలోనే కోశాం. రోజూ పైకి పంపిస్తానంది, ఆలైదా చెవిలో మాత్రం సంగతి వేస్తానంది. పంపించింది కదా?"

పళ్లెం మీద పళ్లెం. పొద్దున పదింటికి.

"వారం తిరక్కుండానే ఆలైదా మా అమ్మకు ఉత్తరం రాసింది. ఆయన రోజూ మూడేసి ముక్కలు లాగిస్తున్నాడు పిన్నీ, రొట్టె అంటే హార్లెం రొట్టేనట, నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరుగుతున్నాను, కుట్లు పట్టేస్తున్నాయి, నవ్వానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు అని. మా అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ ఉత్తరం పెళ్లిళ్లలో చదివేది." బెరెండ్ సీసా నా చేతిలో పెట్టాడు. "నీ రొట్టె చేరిందయ్యా, గురువారం. ఒక్క ముక్క కూడా వెనక్కి రాలేదు."

గోడవైపు తిరిగిన వీపు. దుప్పటి కింద కదిలే భుజాలు. అటునుంచి ఇప్పుడు చూస్తున్నాను, గోడవైపు నుంచి, మొహం కనిపిస్తోంది, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు, ముక్కు ఎర్రబడి, ముప్పై ఐదేళ్ల పండగలకూ బల్ల మీదికి రొట్టె వచ్చినప్పుడల్లా అదే మొహం, నవ్వు! నేను తలొంచుకుని కూర్చున్నానే, దొంగముండా, అంతసేపూ నవ్వు! ముందు ముక్కులోంచి వచ్చింది, తరవాత పొట్టలోంచి, నేను అలా నవ్వగలనని నాకే తెలియదు, సీసా వణికింది, కోళ్లు పారిపోయాయి, అమ్మాయి నా వీపు నిమురుతోంది, మూడేసి ముక్కలు అంటున్నాను, మూడేసి ముక్కలు తిన్నానండీ, ఆపుకోలేక ఇంకా గట్టిగా నవ్వాను.

మేడమీద పసిపిల్ల కేరుమంది.

అందరం నోళ్లు మూసుకున్నాం. థైస్ కాఫీ పళ్లెంతో గుమ్మంలో రాయిలా నిలబడ్డాడు. పైన కిటికీ తెరుచుకుంది. జుట్టంతా రేగిపోయిన ఎల్స్కె, భుజం మీద ఎర్రటి గుప్పెడంత తల.

"ఎవరది అలా నవ్వింది?"

నేను చెయ్యెత్తాను, బడిపిల్లాడిలా.

"థైస్, వాళ్లని బయట కూర్చోబెట్టావా? సిగ్గులేదూ? తీసుకురండి పైకి, ఆకలి చంపేస్తోంది!"

కాళ్లవైపు, కుడి మూల. నున్నటి కర్ర చేతికి తగిలింది. ఎత్తాం. వామ్మో, అన్నాడు విమ్. చచ్చాంరా, అంది డీని. అందరికన్నా గట్టిగా నేనే మూలిగాను.